మూడు డోసులు వేసినా టీకా పట్టలేదా? డయాలసిస్ ఉన్న ఇళ్లకు

సమస్య: హెపటైటిస్ బి టీకా పూర్తయింది, కానీ టీకాకి ఒంట్లో పుట్టిన యాంటీబాడీల లెక్క, అంటే యాంటీ హెచ్‌బీఎస్ 10 కంటే తక్కువ వచ్చింది. కవిటిలో డయాలసిస్ మీదున్న మా చిన్నాన్న రిపోర్టులో 4 ఉంది. "మూడు సూదులూ ఏయించుకున్నాను కదా, మళ్లీ ఏటమ్మా?" అంటూ కాగితం నా చేతిలో పెట్టారు. నేను జువాలజీ టీచర్ని. ఆయనకు చెప్పాల్సిన జవాబు నేను రోజూ బోర్డు మీద గీసే బొమ్మలోనే ఉంది.

ముందు తేదీ చూడండి. చివరి డోసు తర్వాత 1–2 నెలల్లో చేసిన పరీక్షే లెక్క. బాగా ఆలస్యమైతే, టీకా పట్టి తగ్గిందో అసలు పట్టలేదో తెలీదు.

కారణం: టీకాలో ఉన్నది వైరస్ పైపొర ప్రోటీన్. మన రక్షణ వ్యవస్థలోని టి కణం దాన్ని ఉన్నదున్నట్టు గుర్తుపట్టలేదు. పనసకాయని అలాగే ముందు పెడితే ఎవరు తింటారు? కోసి, తొన తీసి చేతికివ్వాలి. డెండ్రిటిక్ కణం అనే మరో రక్షణ కణం చేసేది అదే. ప్రోటీన్‌ని మింగి, ముక్కలు చేసి, సుమారు 13–25 అమైనో ఆమ్లాల ముక్కని ఎంహెచ్‌సీ-2 అణువు గాడిలో అమర్చి, చంకలోని లింఫు గ్రంథికి తీసుకెళ్తుంది. అక్కడ సీడీ4 టి కణం ఆ ముక్కని తన గ్రాహకంతో తడిమి చూస్తుంది. ఇది మొదటి సంకేతం. రెండోది కూడా కావాలి: డెండ్రిటిక్ కణం మీది బి7 అనే ప్రోటీన్, టి కణం మీది సీడీ28ని అంటుకోవాలి. అది లేకపోతే టి కణం మొద్దుబారిపోతుంది. కిడ్నీలు పాడైనవాళ్లలో బి7 రకాల్లో ఒకటైన సీడీ86 తగ్గుతుంది. తొన చేతిలో పెట్టారు, తినమని మాత్రం అనలేదు. టి కణం సాయం లేక బి కణం సరిపడా యాంటీబాడీలు చేయలేదు.

డీఆర్3, డీఆర్7 లాంటి ఎంహెచ్‌సీ రకాలు పుట్టుకతో ఉన్న కొందరిలోనూ స్పందన తక్కువ. భుజానికి కాక పిరుదుకు వేసినా, టీకా ఫ్రిజ్‌లో గడ్డకట్టినా అంతే.

పరిష్కారం: కార్డు తీసి మోతాదు చూడండి. చిన్నాన్న కార్డులో మూడుసార్లూ 20 మైక్రోగ్రాములే ఉంది. ఆ రకం టీకాకి డయాలసిస్‌లో రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు, నాలుగుసార్లు (0, 1, 2, 6 నెలల్లో) వేస్తారు. డాక్టరుతో మాట్లాడి రెండో విడత మొదలుపెట్టండి, అయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించాలి, వైరస్ ముందే ఒంట్లో ఉందేమో తెలుస్తుంది. టీకా పట్టినవాళ్లు కూడా ఏటా పరీక్ష చేయించుకోవాలి, 10 కిందికి పడితే బూస్టర్. ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ పెరుగుతోందని తెలిస్తే డయాలసిస్ దాకా ఆగకండి. ముందే వేస్తే బాగా పడుతుంది.

చిన్నాన్నకి ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉంది, అందుకే మొన్న కుడి భుజానికి వేయించాం. కార్డు మీద 40 అని రాశాకే లేచాం.