వంద మందికి వంట: సరుకుల లెక్క

పెళ్ళివారు చెప్పే సంఖ్య పక్కన నేను ముహూర్తం టైమ్ కూడా రాసుకుంటాను. మా కోనసీమలో పగటి ముహూర్తమైతే ఊరంతా భోజనానికి దిగుతుంది. అర్ధరాత్రి దాటిందంటే దగ్గరివాళ్ళే మిగులుతారు.

శాకాహార భోజనానికి వంద మందికి బియ్యం 12 కిలోలు. పులిహోర ఉంటే దానికి విడిగా 4 కిలోలు తీసి, అన్నానికి 10తో సరిపెడతాను. ముద్దపప్పుకి కందిపప్పు 3 కిలోలు, సాంబారుకి ఇంకో 2. పెరుగు 10 లీటర్లు. మంచినీళ్ళు 20 లీటర్ల టిన్నులు మూడు, ఎండాకాలమైతే ఐదు.

పనసపొట్టు కూర దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టకండి. ఆవ ఘాటు పందిట్లోకి వెళ్ళిందంటే మారు వడ్డించమనని వాడుండడు. వందకి 8 కిలోల పొట్టు కావాలి. కాయ బరువు చూసి లెక్కేస్తే దెబ్బతింటారు. తొక్కా, నడిమి బొండూ పోగా కొట్టిన పొట్టునే తూకం వేయించండి.

ఆత్రేయపురం పూతరేకులు మనిషికి ఒకటి, పైన ఇరవై. పిల్లలు రెండేసి లాగేస్తారు, వాళ్ళనేమంటాం!

అన్నం మొత్తం ఒకేసారి వార్చొద్దు. మూడొంతులు వండి, ఎసరు పొయ్యి మీదే మరగనివ్వండి. రెండో బంతి లేచాక జనాన్ని చూసుకుని మిగతా బియ్యం కడగండి. కడగని బియ్యమైతే కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడు.