వైర్‌లెస్ సబ్‌వూఫర్: బేస్ కుదరనప్పుడు క్రాసోవర్‌ను సరిచేసే పద్ధతి

హోమ్ థియేటర్‌లో స్పీకర్లు ఎంత లోతు వరకు పలకాలో, ఎక్కడి నుంచి ఆ పనిని లోతైన ధ్వనుల (బేస్) కోసమే ఉండే సబ్‌వూఫర్ అనే స్పీకర్‌కు అప్పగించాలో నిర్ణయించే హద్దే క్రాసోవర్. దీన్ని 80 హెర్ట్జ్ (ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) వద్ద ఉంచితే పై ధ్వనులు స్పీకర్లకు, కింది ధ్వనులు సబ్‌వూఫర్‌కు వెళ్తాయి. అయితే హద్దు దాటగానే ధ్వని ఒక్కసారిగా ఆగిపోదు, క్రమంగా తగ్గుతుంది. అందువల్ల హద్దుకు అటూ ఇటూ కొంతమేర రెండూ కలిసే పలుకుతాయి. బేస్ గురించిన ఇబ్బందుల్లో అధిక భాగం అక్కడే పుడతాయి.

ఏవీ రిసీవర్‌కు (స్పీకర్లన్నింటికీ ధ్వనిని పంచే పెట్టెకు) వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ ద్వారా సబ్‌వూఫర్‌ను కలుపుకున్న 5.1 వ్యవస్థకు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఈ సూచనలు వర్తిస్తాయి. సౌండ్‌బార్‌తో వచ్చే సబ్‌వూఫర్లలో చాలావాటికి క్రాసోవర్‌ను తయారీదారే స్థిరపరచి ఇస్తారు.

సమస్య: మగవారి గొంతు సబ్‌వూఫర్ ఉన్న మూల నుంచి వినిపిస్తోంది

క్రాసోవర్ 150 లేదా 200 హెర్ట్జ్ వద్ద ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వని ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి సులువుగా పట్టుకోలేదు, అంతకు పైన పట్టుకోగలదు.

రిసీవర్‌లోని స్పీకర్ల మెనూలో క్రాసోవర్‌ను 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్యకు దించండి. అదే మెనూలో ఎల్‌ఎఫ్‌ఈ లో-పాస్ అని వేరే అమరిక ఉంటే దానిని మాత్రం 120 హెర్ట్జ్ వద్దే ఉంచాలి, ఎందుకంటే సినిమాలోని ప్రత్యేక బేస్ చానల్ (దాని పేరే ఎల్‌ఎఫ్‌ఈ) అంత వరకు విస్తరించి ఉంటుంది. మీ స్పీకర్లు అరచేతిలో ఇమిడేంత చిన్నవైతే 80 హెర్ట్జ్‌ను అవి పలకలేవు. అప్పుడు క్రాసోవర్‌ను 120 లేదా 150 వద్దే వదిలి, సబ్‌వూఫర్‌ను టీవీ పక్కకు జరపడమే మేలు.

సమస్య: పేలుళ్లు బాగానే ఉన్నాయి, పాటల్లో బేస్ పలచగా ఉంది

ముందుగా రిసీవర్ మెనూలో స్పీకర్లు ‘లార్జ్’ అని నమోదై ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే సబ్‌వూఫర్‌కు సాధారణంగా ఎల్‌ఎఫ్‌ఈ చానల్ మాత్రమే అందుతుంది. స్టీరియో పాటలో ఆ చానల్ ఉండదు. స్పీకర్లు ఎంత పెద్దవైనా ‘స్మాల్’ అని మార్చండి, అప్పుడే వాటి బేస్ సబ్‌వూఫర్‌కు వెళ్తుంది.

తరువాత సబ్‌వూఫర్ వెనుక ఉన్న క్రాసోవర్ నాబ్‌ను (వాల్యూమ్ నాబ్ కాదు) చూడండి. రిసీవర్‌లోనూ 80, నాబ్‌లోనూ 80 అని పెడితే ఒకే ధ్వని రెండు ఫిల్టర్ల గుండా పోయి, హద్దు దగ్గర కావలసిన దానికంటే బాగా తగ్గిపోతుంది. నాబ్‌ను గరిష్ఠానికి తిప్పి, లేదా స్విచ్ ఉంటే ‘ఎల్‌ఎఫ్‌ఈ’ వైపు మార్చి, నిర్ణయాన్ని రిసీవర్‌కే వదలాలి.

ఇవి సరిగానే ఉండి కూడా లోటు కనిపిస్తే కారణం ఆలస్యం. వైర్‌లెస్ వ్యవస్థలో ఇదే అసలైన చిక్కు. సంకేతాన్ని పంపి, అందుకొని, మళ్లీ ధ్వనిగా మార్చడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. 80 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి పట్టేది 12.5 మిల్లీసెకన్లే కాబట్టి, 6 మిల్లీసెకన్ల ఆలస్యానికే సబ్‌వూఫర్, స్పీకర్లు ఎదురెదురుగా పనిచేసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇలాంటప్పుడు సబ్‌వూఫర్ వాల్యూమ్ పెంచితే లోటు తీరదు, అడుగున గుంయ్‌మనే మోత మాత్రమే పెరుగుతుంది.

దీనికి మందు రిసీవర్‌లోని ‘డిస్టెన్స్’ అమరిక. ధ్వని ఒక మీటరు ప్రయాణించడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, సబ్‌వూఫర్ దూరాన్ని మీటరు పెంచితే రిసీవర్ మిగతా స్పీకర్లను అంతసేపు ఆపుతుంది. మైకుతో ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ తానే కొలిచి అమరికలను సరిచేసుకోవడం) చేశాక, 3 మీటర్ల దూరంలో ఉన్న సబ్‌వూఫర్‌కు 6 లేదా 8 మీటర్లు అని కనిపిస్తే అది తప్పు కాదు. ఆలస్యాన్ని కూడా కొలిచి చూపిన లెక్క అది, టేపుతో కొలిచి దానిని దిద్దకండి. ఆ అంకె నుంచి మొదలుపెట్టి, ముందు స్పీకర్లు, సబ్‌వూఫర్ కలిసి పలికేలా 80 హెర్ట్జ్ టోన్ (ఒకే స్థాయిలో సాగే పరీక్ష ధ్వని) పెట్టుకొని, కూర్చునే చోటు నుంచి వింటూ కొంచెం కొంచెంగా మార్చండి. ధ్వని అత్యంత గట్టిగా వినిపించిన చోట ఆపండి. మైకు ఇచ్చిన అంకెకు మరీ దూరం వెళ్లవద్దు. ప్రతి 4.3 మీటర్లకు ఒకసారి టోన్ మళ్లీ గట్టిపడి మోసపుచ్చుతుంది.

సమస్య: ఒకే స్వరం దగ్గర గది మోగిపోతోంది

ఇది గది వల్ల వచ్చేది. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ ధ్వని నిలబడి బలపడుతుంది. ఇటుక గోడలు, శ్లాబు, టైల్స్ ఉన్న మన ఇళ్లు బేస్‌ను పెద్దగా పీల్చుకోవు. క్రాసోవర్‌ను 60కి దించినా 47 దాని కిందే ఉంటుంది కాబట్టి ఫలితం ఉండదు. సబ్‌వూఫర్‌ను మూల నుంచి తీసి గోడ వెంబడి జరుపుతూ వినండి. వైర్‌లెస్ కనుక ప్లగ్ పాయింట్ ఉన్న ప్రతి చోటునూ ప్రయత్నించవచ్చు. చోటు మారిన ప్రతిసారీ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి.

సమస్య: సబ్‌వూఫర్ మధ్యమధ్యలో ఆగిపోతోంది

నెమ్మదైన సన్నివేశాల తరువాత ఆగుతుంటే ఆటో స్టాండ్‌బై (ధ్వని లేకపోతే తానే ఆగిపోయే అమరిక) కారణం, సబ్‌వూఫర్ పవర్ స్విచ్‌ను ‘ఆటో’ నుంచి ‘ఆన్’కు మార్చండి. ఎప్పుడంటే అప్పుడు తెగిపోతుంటే, ట్రాన్స్‌మిటర్‌ను వై-ఫై రౌటర్‌కు దూరంగా జరిపి, రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్ వాడేలా పెట్టండి. చాలా ట్రాన్స్‌మిటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి.