టర్కీ హమామ్‌కి వెళ్తున్నారా? సబ్బు జోలికి ముందే పోకండి

తిరుపతి నుంచి టూర్ ప్యాకేజీల్లో ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లు హమామ్ (ఒళ్లు రుద్ది స్నానం చేయించే టర్కీ వేడి స్నానశాల) గురించి మొదట అడిగేది ఒకటే, అక్కడ బట్టలన్నీ విప్పేయాలా అని. అక్కర్లేదు. లోపలికి వెళ్లగానే పెష్తెమాల్ అని పల్చటి నూలు తువ్వాలు ఇస్తారు, మగవాళ్లు అది నడుముకి చుట్టుకుని చివరిదాకా అలాగే ఉంటారు, కింద చెడ్డీ ఉంచుకున్నా ఎవరూ ఏమీ అనరు. కొండమీద పుష్కరిణిలో తువ్వాలుతో మునిగిన మనకి ఇందులో టెన్షన్ ఏముంది? ఆడవాళ్లకి వేరే భాగమో వేరే టైమో ఉంటుంది, రుద్దేదీ ఆడవాళ్లే. టూరిస్టుల కోసం నడిపే కొన్నిచోట్ల మాత్రం అందరినీ కలిపే పంపిస్తారు కాబట్టి బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

పాత కట్టడం చూసినట్టూ ఉండాలంటే ఒట్టోమన్ కాలపు వాస్తుశిల్పి సినాన్ కట్టిన హుర్రెమ్ సుల్తాన్ హమామ్ (1556) ఉంది, ప్రసిద్ధ మసీదు అయా సోఫియా పక్కనే. రేటు గట్టిగానే ఉంటుంది. స్నానమే ముఖ్యం అనుకుంటే పేటల్లో స్థానికులు వెళ్లే చిన్న హమామ్ చాలు, నా ఓటు దానికే.

లోపల వేడిగదిలో గుమ్మటం కింద పెద్ద పాలరాతి అరుగు ఉంటుంది, కింద నుంచి వేడెక్కుతుంది. దానిమీద పడుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఏమీ జరగదు, చెమట పడుతుంది, అంతే. మనవాళ్లకి ఇక్కడే విసుగొచ్చి లేచి సబ్బు వెతుక్కుంటారు. వద్దు. ఒళ్లు బాగా నానితేనే తర్వాతి పని కుదురుతుంది: రుద్దే మనిషి కెసె అనే గరుకు తొడుగు చేతికేసుకుని, సబ్బు లేకుండా, వీపు మీద పొడుగ్గా లాగుతాడు. బూడిదరంగు వత్తుల్లా ఊడొస్తుంది, రోజుకి రెండుపూటలా స్నానం చేసేవాళ్లకి కూడా. సిగ్గుపడకండి, అది మురికి కాదు, చచ్చిన చర్మం. మంటగా ఉంటే 'యవాష్' అనండి, మెల్లగా చేస్తాడు. సబ్బు వంతు ఆ తర్వాతే. గుడ్డసంచిలో గాలి నింపి పిండితే ఒళ్లంతా కప్పేసేంత నురగ వస్తుంది, నాకైతే అన్నిటికన్నా ఇష్టం ఇదే.

గోడ పక్కన కుర్నా అనే రాతి తొట్లు ఉంటాయి. గిన్నెతో ముంచి పోసుకోవాలి, అంతే కానీ అందులో కాళ్లు పెట్టడం, సబ్బునీళ్లు పడనివ్వడం చాలా తప్పు. ఎందుకంటే తొట్టికి అడుగున నీళ్లు పోయే దారి ఉండదు.

ముందురోజు షేవింగ్, వ్యాక్సింగ్ పెట్టుకోకండి, మండిపోతుంది. కడుపునిండా తిని వెళ్లకండి, నీళ్లు బాగా తాగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే. చివర్లో రుద్దిన మనిషికి టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, చిల్లర ఉంచుకోండి.

టర్కీ దాకా ఎందుకంటారా, తలకు పోసుకునే రోజు ఇంట్లోనే చేసుకోవచ్చు. బాత్రూమ్ తలుపేసి, స్టూలు మీద కూర్చుని పది నిమిషాలు వేడినీళ్లు పోసుకుంటూ ఒళ్లు నాననివ్వండి, తర్వాత కెసె (ఆన్‌లైన్‌లో దొరుకుతుంది), లేదంటే నానబెట్టిన బీరపీచు, ఆఖర్న సబ్బు. ఒళ్లు తడిగా ఉండగానే కాస్త కొబ్బరినూనె రాయండి. మొహానికి మాత్రం కెసె వద్దు.