కీహోల్ ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి ఇంటిని ముందే ఎలా సిద్ధం చేసుకోవాలి?

"చిన్న చిన్న రంధ్రాలేనట, మర్నాడే పంపించేస్తారట" అని మా అమ్మ తన గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) ఆపరేషన్ గురించి ఊరందరికీ చెప్పింది. నిజంగానే పంపించేశారు. ఇంటికొచ్చాక కానీ ఒక సంగతి మాకెవరికీ తట్టలేదు. అమ్మ ఎప్పుడూ పడుకునేది నేల మీద చాప వేసుకొని. ఆ రోజు కిందికి వంగి కూర్చోలేదు, కూర్చోబెడితే లేవలేదు. రాత్రి తొమ్మిదింటికి పక్కింటివాళ్లని బతిమాలి మంచం మోసుకొచ్చాం.

కీహోల్ ఆపరేషన్‌లో (దీన్నే లాపరోస్కోపీ అంటారు) పైకి కనిపించేవి అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు గాట్లే. లోపల జరిగేది మాత్రం పూర్తి ఆపరేషనే. పైగా మనం లేచినా, వంగినా, దగ్గినా, ముక్కినా పని చేసేది పొట్ట కండరాలే. అందుకే ఇల్లు సర్దడమంటే ముఖ్యంగా రెండు సంగతులు చూసుకోవాలి: వస్తువు ఎంత ఎత్తులో ఉంది, ఎంత బరువుంది. ఇక్కడ గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌ని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. అపెండిక్స్, హెర్నియా, గర్భసంచి ఆపరేషన్లకూ చాలావరకు ఇదే పనికొస్తుంది. తేడా ఉన్నచోట మీ డాక్టరు మాటే ఫైనల్.

1. వారం ముందు: డాక్టరుని అడిగి రాసుకోండి

ఎన్ని వారాలు బరువెత్తకూడదు? స్నానం ఎప్పటి నుంచి? కుట్లు కరిగిపోయేవా, మళ్లీ వచ్చి తీయించుకోవాలా? బీపీ, షుగర్ మందులు, రక్తం పలచబరిచే మాత్రలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? అర్ధరాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకి చేయాలి? డిశ్చార్జ్ రోజు హడావిడిలో ఇవేవీ గుర్తుండవు. జవాబులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

2. మంచం

కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తు మంచం కావాలి. నులక మంచం, నవారు మంచం వద్దు. మధ్యలో కుంగిపోతాయి, వాటిలోంచి పైకి లేవడం మామూలు మనిషికే కష్టం. బాత్రూంకి దగ్గరున్న గదిలో, రెండు వైపుల నుంచీ దిగడానికి వీలుగా వేయండి. మంచం పక్కన చెయ్యి చాపితే అందేలా ఒక స్టూలు, దాని మీద నీళ్ల సీసా, మందులు, ఫోన్ ఛార్జరు. రాత్రికి ఒక చిన్న బెడ్ లైటు.

లేవడం ఎలాగో ఆపరేషన్‌కి ముందే ప్రాక్టీస్ చేయించండి. వెల్లకిలా ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేచి కూర్చోకూడదు. మోకాళ్లు మడవాలి, ఒళ్లంతా ఒకేసారి పక్కకి తిరగాలి, కాళ్లు మంచం దింపుతూ మోచేత్తో పరుపుని నొక్కి లేవాలి. రెండుసార్లు చేస్తే అలవాటవుతుంది. మా అమ్మకి ఇది ఎవరూ చెప్పలేదు, మొదటి రాత్రి లేచిన ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒక చిన్న గట్టి దిండు కూడా పక్కనే ఉండాలి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు దాన్ని పొట్టకి ఆనించి అదిమి పట్టుకుంటే నొప్పి సగానికి సగం తగ్గినట్టుంటుంది.

భుజం నొప్పి వస్తే కంగారు పడకండి. ఆపరేషన్‌లో పొట్టని ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. అది ఊపిరితిత్తుల కింద ఉండే పొరని ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. నాలుగడుగులు వేస్తుంటే మేలు. నడక వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది కాబట్టి, మంచం నుంచి హాలు దాకా దారిలో ఉన్న డోర్‌మ్యాట్లు, వైర్లు, పిల్లల బొమ్మలు తీసేయండి.

3. బాత్రూం

ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉంటే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి. సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. స్నానానికి జారని ప్లాస్టిక్ స్టూలు, బకెట్ పెట్టడానికి ఒక ఎత్తు పీట. బకెట్ నింపి మోసేది మాత్రం ఇంకొకరే. గడియ లోపల నుంచి వేయవద్దని ముందే చెప్పండి. మాకు ఒప్పించడానికి చాలాసేపు పట్టింది.

స్నానానికి అనుమతిచ్చాక కూడా గాట్ల మీద సబ్బు రుద్దొద్దు. మెత్తటి తువ్వాలుతో అద్దాలి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ రాయకూడదు.

4. వంటిల్లు, బరువులు

చాలామంది డాక్టర్లు మొదటి కొన్ని వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దంటారు. హెర్నియాకి ఇంకా ఎక్కువ రోజులు చెప్పవచ్చు. నాలుగైదు కిలోలంటే ఎంతో ఇంట్లో చూస్తేనే తెలుస్తుంది. వాటర్ క్యాన్ 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30. బియ్యం బస్తా సంగతి చెప్పక్కర్లేదు. నానేసిన మినప్పప్పుతో ఉన్న గ్రైండర్, ఉతికిన దుప్పట్ల బకెట్, ఎత్తుకోమని చేతులు చాపే మూడేళ్ల మనవరాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి.

అటక మీదవి, స్టవ్ గట్టు కింద అరల్లోవి రోజూ వాడేవైతే నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి మార్చండి. సిలిండర్ ముందే మార్పించండి. కూరగాయలు నేల మీద కత్తిపీటతో తరిగే అలవాటుంటే బల్ల మీదకి మారాలి. చిమ్మడం, తడిగుడ్డ పెట్టడం, ముగ్గు వేయడం ఎవరు చేస్తారో పేరుతో సహా తేల్చుకోండి. "ఎవరో ఒకరు చేస్తారులే" అనుకున్న పని చివరికి పేషెంటే చేస్తుంది. నాలుగో రోజు పొద్దున మా అమ్మ వాకిట్లో వంగి ముగ్గు వేస్తూ దొరికింది.

5. తిండి

పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే కుట్లు మానవని పథ్యం పెట్టే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. గౌరవంగానే కాదనండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పులో ఉన్నది అవే. మొదటి రోజుల్లో జావ, ఇడ్లీ, పెసరకట్టు, మెత్తటి అన్నంలో చారు, మజ్జిగ కొద్దికొద్దిగా పెట్టండి. గాల్‌బ్లాడర్ తీసేశాక కొన్ని వారాలు వేపుళ్లు, నూనె తేలే ఆవకాయ, బిర్యానీ తగ్గిస్తే పొట్ట సుఖంగా ఉంటుంది.

నొప్పి మందుల్లో కొన్ని మలబద్ధకం తెస్తాయి, ముక్కితే పొట్ట మీద ఒత్తిడి. అందుకని నీళ్లు బాగా తాగించండి, అరటిపండు, బొప్పాయి తెచ్చిపెట్టండి. విరేచనం సాఫీగా అవడానికి మందు కావాలేమో డిశ్చార్జ్‌కి ముందే అడగండి.

6. బట్టలు

దీన్ని అందరూ మర్చిపోతారు. ఒక గాటు సాధారణంగా బొడ్డు దగ్గరే ఉంటుంది. లంగా బొందు, లుంగీ ముడి, పైజామా నాడా కట్టేది దాదాపు అక్కడే. రెండు వారాలకి సరిపడా నైటీలు, మగవాళ్లకైతే వదులు ఎలాస్టిక్ ప్యాంట్లు, ముందు బొత్తాలున్న చొక్కాలు సిద్ధం చేయండి. కారులో ఇంటికి వచ్చేటప్పుడు సీటుబెల్టుకీ పొట్టకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టండి.

7. మందులు, ప్రమాద సూచనలు

ఏ మాత్ర ఎన్నింటికో తెలుగులో రాసి డబ్బాల మీద అంటించండి. పారాసెటమాల్ చాలా నొప్పి మాత్రల్లో ముందే కలిసి ఉంటుంది. కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ల అదనంగా వేయొద్దు.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటినా, కళ్లు పచ్చబడినా, పొట్టనొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, గాటు ఎర్రబడి చీము కారినా, మూత్రం రాకపోయినా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి, వాహనం లేకపోతే 108.

8. చూడటానికి వచ్చేవాళ్లు

సాయంత్రం ఒక గంట టైం పెట్టి అందరికీ అదే చెప్పండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లని ఫోన్‌లోనే పలకరించమనండి. మా చిన్న మామయ్య మూడో రోజే వచ్చి వరసగా జోకులు అందుకున్నాడు. అమ్మ దిండు పొట్టకి అదుముకొని, నవ్వలేక ఏడవలేక, "ఒరేయ్, నువ్వు వారం ఆగి రారా" అని పంపించేసింది.