మ్యాప్ మీద కనిపించే క్లస్టర్లు నిజమైనవేనా? జియోస్టాటిస్టిక్స్‌తో ఎలా తేల్చాలి?

కే-మీన్స్‌ని (దగ్గరి విలువలున్న పాయింట్లను గుంపులుగా, అంటే క్లస్టర్లుగా, విడగొట్టే పద్ధతి) నాలుగు గుంపులు అడిగితే నాలుగూ చేసి పెడుతుంది, డేటాలో అసలు గుంపులే లేకపోయినా సరే. వాటికి రంగులేసి మ్యాప్ మీద పెడితే చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఇంకేమీ అడగరు. అడగాలి. ఆ మ్యాప్ చూసే కదా ఎక్కడ తవ్వాలో, ఏ నేలను శుభ్రం చేయాలో నిర్ణయించేది!

దీన్ని తేల్చడానికి జియోస్టాటిస్టిక్స్, అంటే చోటుని బట్టి మారే కొలతల గణాంకాలు, పనికొస్తాయి. ప్రాక్టీస్‌కి మ్యూజ్ డేటా తీసుకోండి. నెదర్లాండ్స్‌లో మ్యూజ్ నది పక్కన 155 చోట్ల మట్టి తీసి జింక్, సీసం, రాగి, కాడ్మియం కొలిచిన డేటా అది, ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఎస్‌పీ (sp) ప్యాకేజీతోనే వస్తుంది. అందులో కోఆర్డినేట్లు మీటర్లలోనే ఉంటాయి. మీ డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే మాత్రం ముందు యూటీఎంలోకి (మీటర్లలో కొలిచే కోఆర్డినేట్ పద్ధతి) మార్చుకోండి, ఎందుకంటే ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే.

లోహాల విలువలకు లాగ్ తీసి, వాటితో మాత్రమే క్లస్టరింగ్ చేయండి. కోఆర్డినేట్లు కలపొద్దు. కలిపితే పక్కపక్క పాయింట్లు ఒకే గుంపులో పడటం మీరు చేయించిందే అవుతుంది, దాన్నే మళ్లీ సాక్ష్యంగా చూపించడం కుదరదు.

తర్వాత ఒక్కో క్లస్టర్‌కీ ఇండికేటర్ వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ పాయింట్ల మధ్య తేడా ఎలా మారుతుందో చూపే గీత) గీయండి. క్లస్టర్‌లో ఉన్న పాయింట్‌కి 1, లేనిదానికి 0. ఒక్కో దూరంలో ఉన్న జంటలన్నీ తీసుకుని, తేడాల వర్గాల సగటులో సగం లెక్కేస్తే ఆ దూరానికి వేరియోగ్రామ్ విలువ వస్తుంది. 30 శాతం పాయింట్లు ఆ క్లస్టర్‌వే అనుకుందాం, అప్పుడు గీత 0.3 × 0.7, అంటే సుమారు 0.21 దగ్గర చదునవ్వాలి. దగ్గరి దూరాల్లో బాగా కింద మొదలై అక్కడిదాకా ఎక్కితే ఆ గుంపుకి నేల మీద ఒక చోటు ఉన్నట్టే, మొదటి నుంచీ 0.21 చుట్టూనే తిరుగుతుంటే లేబుళ్లు ఎటుపడితే అటు చెదిరి ఉన్నాయని అర్థం. అనుమానముంటే లేబుళ్లను 999 సార్లు షఫుల్ చేసి, అప్పుడు వచ్చే గీతలతో మీ అసలు గీతను పోల్చండి. ఒక్కో దూరానికి కనీసం 30 జంటలైనా లేకపోతే ఆ విలువని నమ్మొద్దు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది. మ్యూజ్‌లో నదికి దూరం వెళ్లేకొద్దీ జింక్ తగ్గుతూ పోతుంది, అలా నెమ్మదిగా మారే విలువని ఎక్కడ కోసినా ముక్కలు పట్టీల్లా ఒకచోటే ఉంటాయి, కాబట్టి గుంపులు లేకపోయినా పై పరీక్ష పాసైపోతుంది.

అందుకే ఆర్‌లోని జీస్టాట్ (gstat) ప్యాకేజీలో మీ డేటాకి ఉన్న వేరియోగ్రామ్‌తోనే, గుంపులంటూ లేని గాసియన్ ఫీల్డ్‌లు (చోటుతో పాటు నెమ్మదిగా మారే యాదృచ్ఛిక విలువలు) అవే 155 పాయింట్ల దగ్గర సిమ్యులేట్ చేయండి (లాగ్ జింక్‌కి వేరియోగ్రామ్‌కి స్ఫెరికల్ అనే ఆకారపు మోడల్, రేంజ్ అంటే గీత చదునయ్యే దూరం సుమారు 900 మీటర్లు). లోహాలన్నీ కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి కాబట్టి, ముందు పీసీఏ (కలిసి మారే విలువల్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని కాంపొనెంట్లుగా విడగొట్టే పద్ధతి) చేసి ఒక్కో కాంపొనెంట్‌నీ విడిగా సిమ్యులేట్ చేసి, మళ్లీ లోహాల విలువల్లోకి తెచ్చుకోవడం తేలిక. ప్రతి ఫీల్డ్ మీదా అదే క్లస్టరింగ్ నడిపి సిలుయెట్ స్కోర్ (గుంపులు ఒకదానికొకటి ఎంత స్పష్టంగా విడిగా ఉన్నాయో చెప్పే అంకె) రాసుకోండి.

మీ అసలు స్కోర్ ఆ స్కోర్లలో కనీసం 95 శాతాన్ని మించితే క్లస్టర్లున్నాయని ధైర్యంగా చెప్పొచ్చు. మించకపోతే గీతలు గీసి గుంపులని పేరు పెట్టకండి, క్రిగింగ్ మ్యాప్ (వేరియోగ్రామ్ ఆధారంగా కొలవని చోట్ల విలువల్ని అంచనా వేసిన మ్యాప్) ఇచ్చి, పక్కనే ఆ అంచనాలో అనిశ్చితి ఎంతో చూపే క్రిగింగ్ వేరియన్స్ మ్యాప్ కూడా పెట్టండి.