విదేశంలో ఉండి సొంత ఊళ్లో ఓటు: ఫారం 6ఏ ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

విదేశంలో ఉంటున్న భారత పౌరులు సొంత ఊళ్లో ఓటరుగా నమోదు కావడానికి 2011 నుంచీ వీలుంది, ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20ఏ సెక్షన్ చేర్చింది అందుకే. అయినా ఎన్నికలు దగ్గరపడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, నాది రిజెక్ట్ అయింది, నాది ఎక్కడో ఆగిపోయింది అని. వాటిలో చాలావాటికి మూలం ఒకటే, పాస్‌పోర్టులో ఉన్నదొకటి, ఫారంలో రాసిందొకటి. మీరెవరో, మీ ఊరేదో ఇక్కడ చెప్పాల్సింది ఆధార్ కాదు, రేషన్ కార్డు కాదు, పాస్‌పోర్టు. ముందు దాన్ని పక్కన పెట్టుకుని కూర్చోండి.

సమస్య: అన్నీ సరిగ్గానే ఇచ్చాను, అయినా తిరస్కరించారు

ముందు ఏ ఫారం నింపారో చూడండి. ఫారం 6 ఇక్కడే నివాసం ఉండేవాళ్లది. చదువుకో ఉద్యోగానికో బయట ఉంటున్నవాళ్లది ఫారం 6ఏ. ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో ఖాతా తెరిచేటప్పుడే ప్రవాస ఓటరు అనే దారి విడిగా ఉంటుంది, అందులోంచి వెళ్లండి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, భారత చిరునామా ఉన్న పేజీ, వీసా పేజీ, వీటి కాపీల మీద మీరే సంతకం పెట్టి అప్‌లోడ్ చేయాలి. పోస్టులో పంపినా ఇవే, వెళ్లేది మీ నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి.

ఫారం సరైనదే అయితే అర్హత సంగతి చూసుకోండి. హెచ్1బీ అయినా గ్రీన్ కార్డు అయినా ఫర్వాలేదు, పౌరసత్వం ఇంకా మనదే కాబట్టి. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం ఓటు లేదు, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది. దీనికి వేరే మార్గమేమీ లేదు, వెతికి టైం వృథా చేసుకోకండి. ప్రభుత్వ ఉద్యోగంలో భాగంగా విదేశంలో పోస్టింగ్ ఉన్నవాళ్లు సర్వీస్ ఓటర్ల కిందికి వస్తారు, వాళ్ల ఫారాలూ పద్ధతీ వేరు.

సమస్య: బీఎల్ఓ ఇంటికొచ్చి ఎవరూ లేరని రాసుకుపోయారు

ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. అప్లికేషన్ వెళ్లాక బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, పాస్‌పోర్టులోని చిరునామాకు వచ్చి మీ గురించి ఇంట్లోవాళ్లను అడుగుతారు. అమ్మానాన్నలు అప్పటికే మీ దగ్గరికి వచ్చేసి ఉండొచ్చు, ఇల్లు అద్దెకిచ్చి ఉండొచ్చు, లేదా ఉన్నవాళ్లే విషయం తెలియక "మా వాడు ఇక్కడ ఉండట్లేదండీ, అమెరికాలో ఉంటాడు" అని చెప్పి పంపేస్తారు. అది నిజమే, కానీ ఆ వచ్చినాయన చేతిలో ఉన్నది ప్రవాస ఓటరు దరఖాస్తు అని ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తుండాలి కదా.

అందుకని అప్లై చేసిన రోజే ఇంటికి ఫోన్ చేసి 6ఏ పెట్టానని, ఎవరైనా వస్తే ఆ మాటే చెప్పమని చెప్పండి. మీ పాస్‌పోర్టు కాపీ ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి, రిఫరెన్స్ నంబరు వాట్సాప్ చేయండి. మీ బూత్‌కు బీఎల్ఓ ఎవరో పోర్టల్‌లోనే దొరుకుతుంది, ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంట్లో చెప్పేవాళ్లే లేకపోతే పత్రాలను మీరున్న దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పంపి సరిచూసే పద్ధతి ఉంది, దాని ప్రకారం చేయమని నమోదు అధికారికి రాతపూర్వకంగా అడగండి. ఇల్లు తాళం వేసి ఉందన్న ఒక్క కారణంతో దరఖాస్తును వదిలేసుకోనక్కర్లేదు.

సమస్య: పాస్‌పోర్టులో మా ఊరి చిరునామా లేదు

హైదరాబాద్‌లో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో అద్దె ఇంటి అడ్రస్‌తో పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు మనలో ఎంతమందో. ఊరు నరసరావుపేట, పాస్‌పోర్టులో కూకట్‌పల్లి. అప్పుడు ఓటు కూకట్‌పల్లిలోనే, నరసరావుపేటలో ఇల్లూ పొలమూ ఉన్నా సరే. పాస్‌పోర్టులో రాసి ఉన్న భారత చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడే నమోదు అని చట్టంలోనే ఉంది, మనం ఎంచుకోవడానికి వీల్లేదు.

ఊళ్లోనే కావాలంటే ముందు పాస్‌పోర్టులో చిరునామా మార్పించుకోవాలి, అంటే రీఇష్యూ. బయట రెన్యువల్ చేయించినప్పుడు అక్కడి చిరునామా పడినవాళ్లకూ దారి ఇదే. నెలల ముందే మొదలుపెట్టాల్సిన పని. ఎన్నికలు ప్రకటించాక మొదలుపెడితే ఆ ఎన్నికకు అందడం కష్టం.

సమస్య: జిల్లా ఒకటి చూపిస్తోంది, పాస్‌పోర్టులో ఇంకోటి ఉంది

కంగారు పడకండి. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో అంతకు ముందే 10 కాస్తా 33 అయ్యాయి. పాత పాస్‌పోర్టులో గుంటూరు అని ఉన్న నరసరావుపేట ఇప్పుడు పల్నాడులో ఉంటుంది, మెదక్ అని ఉన్న సిద్దిపేట ఇప్పుడు తనే ఒక జిల్లా. చూసుకోవాల్సింది అసెంబ్లీ నియోజకవర్గం. అదీ తెలియకపోతే ఇంట్లోవాళ్ల ఓటరు కార్డు నంబరు కొట్టి వెతకండి, నియోజకవర్గం, భాగం నంబరు రెండూ వస్తాయి.

సమస్య: జాబితాలో నా పేరు వింతగా పడింది

ఇంగ్లీషులో టైప్ చేసిన పేరును సిస్టమే తెలుగులోకి మార్చి అక్షరాలను ఖూనీ చేస్తుంది. సబ్మిట్ కొట్టే ముందు తెలుగు గడిని ఒకసారి చదివి చేత్తో దిద్దండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న సందేహం వస్తే పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే. తప్పు పడిపోయాక అయితే ఫారం 8.

సమస్య: ఊళ్లో పాత ఓటు ఇంకా ఉంది, రెండూ ఉంచుకోవచ్చా?

కుదరదు. ఒక మనిషికి ఒకేచోట నమోదు. పాత ఓటరు కార్డు ఉంటే ఆ వివరాలు 6ఏలోనే రాసి కార్డు సరెండర్ చేయాలి. దాచి అప్లై చేస్తే తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది, దానికి ఏడాది వరకు జైలు శిక్ష పడే వీలుంది. పాత ఓటు ఉంటే ఉంది, ఎవరు చూస్తారులే అనేవాళ్లు గ్రూపుకొకరు ఉంటారు, వాళ్ల మాట వినొద్దు.

సమస్య: వారాలైనా స్టేటస్ కదలట్లేదు

దరఖాస్తులపై అభ్యంతరాలకు 7 రోజులు గడువిస్తారు, ఆపైన బీఎల్ఓ విచారణ, కాబట్టి కొంత ఆలస్యం మామూలే. కానీ నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు. 2024లో మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న జరిగింది, నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి. అంటే మీ దరఖాస్తు నామినేషన్ల ఆఖరి తేదీకి చాలినన్ని రోజుల ముందే నమోదు అధికారి చేతికి అందాలి. ఆగిందనిపిస్తే రిఫరెన్స్ నంబరుతో ఇంట్లోవాళ్ల చేత ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయించండి, నమోదు అధికారికి మెయిల్ పెట్టండి. తిరస్కరిస్తే కారణం చూడండి. అది సబబు కాదనిపిస్తే 15 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

సమస్య: పేరు వచ్చింది, కార్డు రాలేదు

రాదు. ప్రవాస ఓటర్లకు కార్డు ఇవ్వరు. బూత్‌లో ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి, జిరాక్స్ పనికిరాదు. పేరు కూడా బూత్ జాబితా చివర ప్రవాస ఓటర్ల భాగంలో విడిగా ఉంటుంది, ఇంటి నంబరు వరుసలో వెతికి లేదని వెనక్కి వచ్చేయకండి.

సమస్య: రాయబార కార్యాలయంలోనో ఆన్‌లైన్‌లోనో ఓటు వేసే ఆప్షన్ కనిపించట్లేదు

ఆ ఆప్షనే లేదు. మన తరఫున ఇంకొకరు ఓటు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది గానీ తర్వాత మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని 2020లో ఎన్నికల సంఘం కేంద్రానికి ప్రతిపాదించింది, అదీ అమల్లోకి రాలేదు. విమానం ఎక్కి ఊరికి వచ్చి బూత్‌లో నొక్కాల్సిందే. 2024 లోక్‌సభ ఎన్నికలకు దాదాపు 1.19 లక్షల మంది ప్రవాసులు నమోదైతే ఓటు వేసింది 3 వేల లోపే, వాళ్లలోనూ అత్యధికులు కేరళవాళ్లు. నా ఉద్దేశంలో ఇది బద్ధకం వల్ల వచ్చిన లెక్క కాదు, టికెట్ ధరల వల్ల వచ్చింది. తేదీలు ప్రకటించాక పోలింగ్‌కు సాధారణంగా నెల, నెలన్నర ఉంటుంది, సెలవు అప్పుడే పెట్టేయండి. ఆ సమయంలో పాస్‌పోర్టు రెన్యువల్‌కో వీసా స్టాంపింగ్‌కో ఇచ్చి ఉండకుండా చూసుకోండి.

సమస్య: తిరిగి వచ్చేశాను, ఇప్పుడు ఈ ఓటు చెల్లుతుందా?

ఇక్కడే స్థిరపడితే ప్రవాస ఓటరు హోదా అయిపోయినట్టే, సంగతి నమోదు అధికారికి చెప్పి మామూలు ఓటరుగా చేరండి. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నా వెంటనే తెలియజేయాలి, ఆ హామీ మీరు 6ఏలో సంతకం పెట్టి ఇచ్చిందే.