నా సిస్టమ్‌లో పాస్, బిల్డ్‌లో ఫెయిల్: డెబియన్ ప్యాకేజీ టెస్టుల చిక్కులు

మన ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాసవుతాయి. అదే కోడ్‌ని డెబియన్ లినక్స్ ప్యాకేజీగా చేయడానికి ఎస్‌బిల్డ్‌కి (శుభ్రమైన, విడి వాతావరణంలో ప్యాకేజీని బిల్డ్ చేసే టూల్) ఇస్తే ఫెయిల్. విసుగొచ్చి, బిల్డ్‌లో టెస్టులు నడపొద్దని చెప్పే నోచెక్ ఆప్షన్ పెట్టేయాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి. రేపు ఏదో లైబ్రరీ మారి ఈ ప్యాకేజీ పాడైతే మనకు ముందుగా చెప్పేవి ఆ టెస్టులే.

ముందుగా లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ వెతకండి. తర్వాతివి చాలావరకు దాని వెంట వచ్చినవే.

సమస్య: సర్వర్ పేరు దొరకలేదని, కనెక్షన్ కుదరలేదని ఎర్రర్.
బిల్డ్ సమయంలో ప్యాకేజీ బయటి నెట్‌వర్క్‌ని వాడకూడదన్నది డెబియన్ నియమం. టెస్ట్ ఏదైనా మాడ్యూల్‌ని డౌన్‌లోడ్ చేసుకోబోతుంటే, దాన్ని బిల్డ్ డిపెండ్స్‌లో (బిల్డ్‌కి ముందే ఇన్‌స్టాల్ కావాల్సిన ప్యాకేజీల జాబితా) చేర్చండి. నిజంగానే నెట్ కావాల్సిన టెస్టుని మాత్రం బిల్డ్‌లో స్కిప్ చేసి, నీడ్స్ ఇంటర్నెట్ అనే షరతుతో ఆటోప్యాకేజీటెస్ట్‌కి (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ మీద టెస్టులు నడిపే వ్యవస్థ) మార్చండి.

సమస్య: నిన్న పాసైంది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, ఇవాళ ఫెయిల్.
ఇది నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టిన రకం. కొత్త కంపైలర్ మీదో, లైబ్రరీ మీదో అనుమానం పోతుంది. తీరా చూస్తే టెస్టుల ఫోల్డర్‌లో ఉన్న సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉంటుంది, లేదా ఎవరో రాసిన 'భవిష్యత్తు' తేదీ గతమైపోయి ఉంటుంది. ప్రోగ్రామ్‌కి నకిలీ సమయం చూపించే ఫేక్‌టైమ్ అనే టూల్‌తో గడియారాన్ని ఏడాది వెనక్కి తిప్పి టెస్ట్ నడపండి. పాసైతే దోషం తేదీదే. కానీ ఫేక్‌టైమ్‌ని ప్యాకేజీలో శాశ్వతంగా ఉంచేయొద్దు. సర్టిఫికెట్‌ని టెస్ట్ నడిచేటప్పుడే తయారుచేసేలా ప్యాచ్ (కోడ్ మార్పు) రాసి అప్‌స్ట్రీమ్‌కి, అంటే ఆ ప్రోగ్రామ్‌ని అసలు రాసినవాళ్లకి పంపండి. కొత్త సర్టిఫికెట్ పెట్టి ఊరుకుంటే కొన్నేళ్లకు ఇంకొకరు ఇదే టెన్షన్ పడతారు.

సమస్య: తెలుగు అక్షరాలో, యాక్సెంట్ గుర్తులో ఉన్న ఫైల్ దగ్గర డీకోడ్ ఎర్రర్.
బిల్డ్‌లో లొకేల్ (భాష, అక్షరాల ఎన్‌కోడింగ్ సెట్టింగ్) ఉత్త 'సి' అయి ఉండొచ్చు. ప్యాకేజీని ఎలా బిల్డ్ చేయాలో చెప్పే రూల్స్ ఫైల్‌లో లొకేల్‌ని సి డాట్ యూటీఎఫ్-8గా ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు.

సమస్య: హోమ్ డైరెక్టరీలో రాయలేకపోతోంది.
బిల్డ్ యూజర్‌కి నిజమైన హోమ్ ఉండకపోవచ్చు. ప్యాకేజీ బిల్డ్‌కి సాయపడే డెబ్‌హెల్పర్ టూల్స్‌లో కంపాట్ (అనుకూలత స్థాయి) 13కి మారండి, అది తాత్కాలిక హోమ్ ఇస్తుంది.

సమస్య: ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్.
టెస్టులు సమాంతరంగా నడుస్తూ ఒకే పోర్ట్ కోసమో, ఒకే టెంప్ ఫైల్ కోసమో కొట్టుకుంటున్నాయేమో చూడండి. నో ప్యారలల్ ఆప్షన్‌తో పదిసార్లు నడిపినా ఫెయిల్ కాకపోతే అనుమానం బలపడినట్టే. పోర్ట్ నంబర్ 0 అడిగితే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని సిస్టమే ఇస్తుంది. అసలైన మరమ్మతు అది.

సమస్య: ఒక్క ఆర్కిటెక్చర్‌లోనే ఫెయిల్.
32 బిట్ల ఇంటెల్ రకమైన ఐ386లో పాత ఎక్స్87 దశాంశ లెక్కల యూనిట్ 80 బిట్ల ఖచ్చితత్వంతో లెక్క కడుతుంది కాబట్టి దశాంశాల చివర్లో తేడా వస్తుంది. అక్కడ సరిపోలికలో కాస్త వెసులుబాటు ఇవ్వడం న్యాయమే. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఎస్390ఎక్స్ సంగతి వేరు. అది బిగ్ ఎండియన్, అంటే సంఖ్యలో పెద్ద విలువ ఉన్న బైట్‌ని ముందు పెడుతుంది. అక్కడ ఫెయిలైతే కోడ్ ఎక్కడో బైట్ల వరుసను పట్టించుకోకుండా ఫైల్‌ని చదువుతోందేమో చూడండి. అదే అయితే తప్పు టెస్టుది కాదు, ప్రోగ్రామ్‌దే. స్కిప్ చేస్తే ఆ మెషీన్ వాడేవాళ్ల డేటా నిశ్శబ్దంగా పాడవుతుంది.

ఏ టెస్టునైనా స్కిప్ చేయక తప్పకపోతే ఆ ఒక్కదాన్నే, పేరుతో స్కిప్ చేయండి. ప్యాచ్ పైభాగంలో కారణం, అప్‌స్ట్రీమ్ బగ్ లింక్ రాయండి. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ ప్యాచ్ తీసేసి ఒకసారి బిల్డ్ చేసి చూడండి.